పొట్టలో బృహద్ధమని ఉబ్బు: స్టెంట్ గ్రాఫ్టా, ఓపెన్ సర్జరీనా, వేచి చూడటమా?

కిడ్నీలో రాయి ఉందేమోనని తీయించిన అల్ట్రాసౌండ్‌లోనో, వెన్నునొప్పి కోసం తీయించిన సీటీ స్కాన్‌లోనో, ఎవరూ ఊహించని ఒక వాక్యం కనిపిస్తుంది: పొట్ట భాగంలో బృహద్ధమని వ్యాసం 5.6 సెంటీమీటర్లు. ఈ జబ్బు ఎక్కువ మందిలో ఇలాగే, వేరే దేనికోసమో వెతుకుతున్నప్పుడు బయటపడుతుంది. అప్పటిదాకా నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, నీరసమూ ఉండదు. వారం తిరగకముందే ఇంట్లో చర్చ మొదలవుతుంది. గజ్జలో చిన్న రంధ్రం పెట్టి లోపలి నుంచి స్టెంట్ గ్రాఫ్ట్ (లోహపు వలయాలున్న బట్ట గొట్టం) అమర్చితే రెండు రోజుల్లో ఇంటికి రావచ్చని ఒకరు, పొట్ట తెరిచి చేసే ఆపరేషనే గట్టిదని మరొకరు, ఏ బాధా లేనప్పుడు దాని జోలికి పోకపోవడమే మేలని ఇంకొకరు అంటారు. ముగ్గురి మాటలోనూ నిజముంది, కానీ ఒక్కో మాట ఒక్కో రకం రోగికి వర్తిస్తుంది. ఎవరికి ఏది అని తేల్చుకోవడానికి పనికివచ్చే విషయాలను ఒకచోట పెట్టడానికే ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: కోత పొడవును చూసి ఈ నిర్ణయం తీసుకోకూడదు. ఉబ్బుకు పైన చెడిపోకుండా మిగిలిన నాళం ఎంత ఉందో, రోగి ముందు ఎన్నేళ్ల జీవితం ఉందో చూసి తీసుకోవాలి.

బృహద్ధమని గుండె నుంచి బయలుదేరి, ఛాతీ దాటి పొట్టలోకి దిగి, వెన్నెముకను ఆనుకొని కిందికి సాగి, దాదాపు బొడ్డు ఎత్తున రెండుగా చీలి కాళ్ల వైపు వెళుతుంది. పొట్టలో దాని వ్యాసం మామూలుగా 2 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. 3 సెంటీమీటర్లకు చేరితే దాన్ని ఎన్యూరిజం అంటారు. పైబడే వయసు, పొగతాగే అలవాటు, తోబుట్టువుల్లోనో తల్లిదండ్రుల్లోనో ఇదే జబ్బు ఉండటం దీనికి దారితీసే ముఖ్యమైన అంశాలు. ఆడవారిలో కంటే మగవారిలో చాలా ఎక్కువ. నాళం వెడల్పయ్యేకొద్దీ అదే రక్తపోటుకు గోడ మీద పడే లాగుడు పెరుగుతుంది, లాగుడు పెరిగేకొద్దీ గోడ ఇంకా సాగుతుంది. అందువల్ల ఇది దానంతటది మానే జబ్బు కాదు. చిట్లినప్పుడు చాలామంది ఆసుపత్రి గడప తొక్కకముందే చనిపోతారు. ఏ బాధా లేని మనిషికి ఆపరేషన్ గురించి ఆలోచించవలసి రావడానికి కారణం ఇదే.

ముందు తేల్చుకోవలసినది: ఇప్పుడే చేయాలా?

చిట్లుతుందన్న మాట వినగానే ఎంత చిన్న ఉబ్బునైనా వెంటనే తీయించేసుకోవాలనిపించడం సహజం. కానీ ఈ ఒక్క విషయంలో వైద్యశాస్త్రం దగ్గర గట్టి ఆధారాలున్నాయి. 4 నుంచి 5.5 సెంటీమీటర్ల మధ్య ఉన్న ఉబ్బులకు వెంటనే ఆపరేషన్ చేయడం మేలా, క్రమం తప్పకుండా స్కాన్ తీస్తూ పెరిగినప్పుడే చేయడం మేలా అని బ్రిటన్‌లో ఒకటి, అమెరికాలో ఒకటి పెద్ద అధ్యయనాలు జరిగాయి. వాటి ఫలితాలు 1998లో, 2002లో వెలువడ్డాయి. రెండింటిలోనూ ముందే ఆపరేషన్ చేయించుకున్నవారు, వేచి చూసినవారికంటే ఎక్కువ కాలమేమీ బతకలేదు. చిన్న ఉబ్బు చిట్లే ప్రమాదం ఏడాదికి నూటికి ఒకటి దగ్గరే ఉంటుంది కాబట్టి, ఆపరేషన్ తెచ్చే ప్రమాదం దానికి సమానమో ఎక్కువో అవుతుంది. స్టెంట్ గ్రాఫ్ట్ వచ్చాక, ఆపరేషన్ ప్రమాదం తగ్గింది గనుక చిన్న ఉబ్బులకూ చేసేయవచ్చేమోనని మళ్లీ పరీక్షించి చూశారు. అప్పుడూ ఆయుష్షులో తేడా కనిపించలేదు.

అందుకే మగవారిలో 5.5 సెంటీమీటర్లు, ఆడవారిలో 5 సెంటీమీటర్లు అనే గీత స్థిరపడింది. ఆడవారిలో నాళం సహజంగానే సన్నంగా ఉండటం వల్ల తక్కువ కొలత దగ్గరే చిట్లే అవకాశం ఎక్కువ. గీత దాటాక ప్రమాదం నెమ్మదిగా కాక, గబగబా పెరుగుతుంది. ఆపరేషన్‌కు శరీరం తట్టుకోలేదని తేలినవారినీ, వద్దన్నవారినీ గమనిస్తూ అమెరికాలో చేసిన ఒక పరిశీలనలో, 5.5 నుంచి 5.9 సెంటీమీటర్ల ఉబ్బు ఉన్నవారిలో ఏడాదిలోపు చిట్లడం నూటికి 9.4 మందిలో జరిగింది. 7 సెంటీమీటర్లు, ఆపైన ఉన్నవారిలో అది 32.5. కొలతతో పాటు వేగాన్ని కూడా చూడాలి. ఉబ్బు సగటున ఏడాదికి 2, 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఏడాదిలో ఒక సెంటీమీటరు దాకా పెరిగితే గీత దాటకపోయినా సర్జన్‌ను కలవాలి. ఉబ్బు ఉందని తెలిసిన మనిషికి పొట్టలోగానీ నడుములోగానీ కొత్తగా నొప్పి మొదలైతే కొలతలు చూస్తూ కూర్చోకూడదు. అది అత్యవసర పరిస్థితి.

వేచి చూడటమంటే ఏమీ చేయకపోవడం కాదు. అమెరికా వాస్కులర్ (రక్తనాళాల) సర్జన్ల సంఘం మార్గదర్శకాల ప్రకారం 3 నుంచి 3.9 సెంటీమీటర్ల మధ్య మూడేళ్లకొకసారి, 4 నుంచి 4.9 మధ్య ఏడాదికొకసారి, 5 నుంచి 5.4 మధ్య ఆరు నెలలకొకసారి అల్ట్రాసౌండ్ చేయించాలి. ఈ కాలంలో రోగి చేతిలో ఉన్న అతి పెద్ద పని పొగ మానేయడం; ఉబ్బు పెరిగే వేగాన్నీ, చిట్లే ప్రమాదాన్నీ పెంచే అలవాట్లలో దాన్ని మించినది లేదు. బీపీని అదుపులో పెట్టుకోవడం, గుండెపోటు, పక్షవాతం రాకుండా కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వాడటం కూడా అవసరమే. వీరిలో గుండె జబ్బుతో పోయేవారు తక్కువేమీ కాదు. ఉబ్బు పెరగకుండా ఆపే మందు మాత్రం ఇప్పటివరకు రుజువు కాలేదు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఆ పని చేస్తుందని ఆశపడ్డారు గానీ 2020లో వెలువడిన అధ్యయనంలో అది తేలిపోయింది. మరో చిన్న జాగ్రత్త: సిప్రోఫ్లోక్సాసిన్, లెవోఫ్లోక్సాసిన్ వంటి యాంటీబయాటిక్‌లను బృహద్ధమని ఉబ్బు ఉన్నవారికి వేరే దారి లేనప్పుడే ఇవ్వాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా, విరేచనాలు పట్టుకున్నా ఈ మందులు మామూలుగా రాసేస్తుంటారు. మీకు ఉబ్బు ఉందని రాసే డాక్టరుకు మీరే గుర్తు చేయాలి.

రెండు మరమ్మతులు ఎలా జరుగుతాయి?

పొట్ట తెరిచి చేసే ఆపరేషన్‌లో పూర్తి మత్తు ఇచ్చి, ఛాతీ ఎముక కింది నుంచి బొడ్డు దాటేదాకా నిలువుగా కోస్తారు. కొందరు సర్జన్లు ఎడమ పక్క నుంచి వెళతారు. పేగులను పక్కకు జరిపి, కిడ్నీలకు వెళ్లే ధమనులకు కాస్త దిగువన బృహద్ధమనికి క్లాంప్ వేస్తారు. ఆ క్షణం నుంచి కాళ్లకు రక్తం ఆగుతుంది, గుండె మీద భారం ఒక్కసారిగా పెరుగుతుంది. ఉబ్బు సంచిని పొడవునా తెరిచి, లోపల ఏళ్ల తరబడి పొరలు పొరలుగా పేరుకున్న పాత గడ్డను చేత్తో తీసేస్తారు. పాలియెస్టర్ గొట్టాన్ని పైన ఒక వరుస, కింద ఒక వరుస కుట్లతో ధమనికి కలుపుతారు. తర్వాత అదే సంచి గోడను గొట్టం మీద దుప్పటిలా కప్పి కుట్టేస్తారు, పేగులు నేరుగా గొట్టానికి తగలకుండా. సర్జన్ తన కళ్లతో చూసి, చేత్తో కుట్టిన అతుకు ఇది. పదేళ్లు గడిచినా ఇది వదులు కావడం అరుదు.

ఈవార్ అని పిలిచే రెండో పద్ధతిలో పొట్టను ముట్టుకోరు. రెండు గజ్జల్లోనూ తొడ ధమనిలోకి సూదితో దారి చేసి, సన్నని తీగను ఉబ్బు దాటేదాకా పైకి పంపుతారు. ఆ తీగ మీదుగా, మడిచి గొట్టంలో కూర్చిన స్టెంట్ గ్రాఫ్ట్ పైకి వెళుతుంది. తెర మీద ఎక్స్-రే బొమ్మలో కిడ్నీ ధమనులు ఎక్కడ మొదలవుతున్నాయో కాంట్రాస్ట్ మందు ఎక్కించి చూసుకుంటూ, వాటికి ఒకటి రెండు మిల్లీమీటర్ల దిగువన గ్రాఫ్ట్ పై అంచు నిలిచేలా తొడుగును నెమ్మదిగా వెనక్కి లాగుతారు. లోహపు వలయాలు ఒకదాని తర్వాత ఒకటి విచ్చుకుని నాళపు గోడకు అదుముకుంటాయి. తర్వాత పంట్లాంకు రెండో కాలు తొడిగినట్టు రెండో గజ్జ నుంచి ఇంకో ముక్కను తెచ్చి కలుపుతారు. ఉబ్బు అక్కడే ఉంటుంది, కానీ రక్తం కొత్త గొట్టంలో నుంచి పోతుంది గనుక దాని గోడ మీద ఒత్తిడి ఉండదు. ఇక్కడ అతుకు కుట్టుతో నిలవదు, గ్రాఫ్ట్ గోడను నెడుతున్న బలంతో నిలుస్తుంది. రెండు పద్ధతుల మధ్య తేడాలన్నీ ఈ ఒక్క తేడా నుంచే పుడతాయి.

రెండు పద్ధతులకూ తగినంత చరిత్ర ఉంది. ఉబ్బును తీసి వేరే నాళం కలిపే ఆపరేషన్‌ను పారిస్‌లో షార్ల్ డ్యూబో 1951లో మొదటిసారి చేశారు. అంతకు మూడేళ్ల ముందు, 1948లో, ఆల్బర్ట్ ఐన్‌స్టీన్‌కు ఇదే ఉబ్బు ఉందని తెలిసినప్పుడు రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ దాని చుట్టూ సెలోఫేన్ చుట్టగలిగారు, అంతే. 1955 ఏప్రిల్‌లో అది చిట్లినప్పుడు మళ్లీ ఆపరేషన్ వద్దని ఐన్‌స్టీనే అన్నారు. లోపలి నుంచి చేసే మరమ్మతును 1987లో ఖార్కివ్‌లో నికొలాయ్ వొలోదోస్ ఛాతీ భాగంలోని బృహద్ధమనికి చేశారు. 1990లో బ్యూనస్ ఎయిరీస్‌లో హువాన్ పరోది పొట్ట భాగానికి చేశారు. కాబట్టి ఈవార్‌ను ప్రయోగదశలో ఉన్నదని భయపడనక్కర్లేదు. ముప్పై ఏళ్లకు పైబడిన అనుభవం దాని వెనుక ఉంది, దాని లోపాలు కూడా అంతే వివరంగా తెలిశాయి.

మొదటి నెలలో ఎవరిది పైచేయి, ఎనిమిదో ఏట ఎవరిది?

బ్రిటన్‌లో 1999 నుంచి 2004 వరకు 1252 మందిని చేర్చుకున్న ఈవార్-1 అధ్యయనంలో, 30 రోజుల్లోపు మరణాలు ఈవార్ చేయించుకున్నవారిలో నూటికి 1.8, ఓపెన్ సర్జరీలో 4.3. నెదర్లాండ్స్‌లో జరిగిన డ్రీమ్ అధ్యయనంలో ఇవే 1.2, 4.6. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 881 మందితో జరిగిన ఓవర్ అధ్యయనంలో 0.5, 3.0. మూడు చోట్లా ఒకే మాట తేలింది: మొదటి నెలలో ఈవార్ స్పష్టంగా సురక్షితం. రక్తం తక్కువ పోతుంది, ఐసీయూ అవసరం తగ్గుతుంది, మామూలుగా రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపుతారు. ఓపెన్ సర్జరీలో వారం పది రోజుల ఆసుపత్రి వాసం, మునుపటి ఓపిక రావడానికి రెండు మూడు నెలలు లెక్క వేసుకోవాలి.

కథ ఇక్కడితో ఆగితే పోలిక అవసరమే ఉండేది కాదు. అవే అధ్యయనాలు రోగులను ఏళ్ల తరబడి గమనిస్తూ వెళ్లాయి. రెండు మూడేళ్లలోనే మొత్తం ఆయుష్షులో తేడా చెరిగిపోయింది. డ్రీమ్‌లో ఆరేళ్లు గడిచేసరికి మళ్లీ ప్రొసీజర్ అవసరం పడనివారు ఓపెన్ సర్జరీలో నూటికి 81.9, ఈవార్‌లో 70.4. ఈవార్-1 రోగులను 15 ఏళ్ల వరకు గమనించి 2016లో ఫలితాలు ప్రకటించినప్పుడు, ఎనిమిదేళ్లు దాటాక ఈవార్ చేయించుకున్నవారిలోనే మరణాలు ఎక్కువగా కనిపించాయి. అందుకు ముఖ్యమైన కారణం, అడ్డుకట్ట వేశామనుకున్న సంచి మళ్లీ రక్తంతో నిండి చిట్లడం. అమెరికా అధ్యయనంలో మాత్రం చివరిదాకా ఆయుష్షు రెండు వైపులా సమానంగానే ఉంది, కానీ రెండోసారి ప్రొసీజర్ చేయించుకోవలసి వచ్చినవారు అక్కడా ఈవార్ వైపే ఎక్కువ.

ఆ అధ్యయనాలు వాడినవి పాతతరం గ్రాఫ్ట్‌లనీ, ఇప్పటివి మెరుగయ్యాయనీ ఈవార్‌ను సమర్థించేవారు అంటారు. ఆ మాటను కొట్టిపారేయలేం. పైగా అప్పట్లో సంచి పెరుగుతున్నా చూస్తూ ఊరుకున్న సందర్భాలు ఇప్పుడు తగ్గాయి. అయితే కొత్తది కాబట్టి మెరుగైనదనుకోవడమూ పొరపాటే. ఉబ్బు సంచిలోనే పాలిమర్ నింపి గట్టిపరిచే ఒక పరికరం కొన్నేళ్ల క్రితం ఎంతో ఆశతో వచ్చింది. మూడు నాలుగేళ్లు గడిచాక అది కిందికి జారుతోందనీ, సంచులు పెరుగుతున్నాయనీ తేలి, వాడకం ఆపేశారు. పదేళ్ల ఫలితాలు లేని పరికరాన్ని ఎంచుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

గ్రాఫ్ట్ వేశాక కూడా సంచిలోకి రక్తం చేరడాన్ని ఎండోలీక్ అంటారు. ఇందులో రకాలను వేరుచేసి తెలుసుకోవడం రోగికి నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే రిపోర్టులో ఈ మాట చూసి అనవసరంగా బెంబేలు పడేవారూ ఉన్నారు, పట్టించుకోనివారూ ఉన్నారు. మొదటి రకంలో గ్రాఫ్ట్ పై అంచు దగ్గరో కింది అంచు దగ్గరో పట్టు వదిలి, గుండె నుంచి వచ్చే పూర్తి పీడనంతో రక్తం సంచిలోకి దూకుతుంది. మూడో రకంలో ముక్కలు కలిసిన చోట ఊడిపోతుంది లేదా బట్ట చిరుగుతుంది. ఈ రెండింటినీ ఆలస్యం చేయకుండా సరిచేయాలి. రెండో రకం అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తుంది: నడుము దగ్గరి చిన్న ధమనుల నుంచో, పేగులకు వెళ్లే ఒక ధమని నుంచో రక్తం వెనక్కి తిరిగి సంచిలో చేరుతుంది. చాలాసార్లు అది దానంతటదే ఆగిపోతుంది. సంచి వ్యాసం పెరుగుతుంటేనే ఆ చిన్న నాళాలను మూసే ప్రయత్నం చేస్తారు.

కాబట్టి ఈవార్ చేయించుకున్న మనిషి జీవితాంతం స్కాన్‌లకు వెళ్లవలసిందే. మొదటి నెలలోపు సీటీ స్కాన్, ఆ తర్వాత మామూలుగా ఏడాదికొకసారి అల్ట్రాసౌండో సీటీనో చేస్తారు. తొలి స్కాన్‌లో పట్టు బాగా కుదిరినవారికి ఈ వ్యవధిని పెంచవచ్చని యూరప్ మార్గదర్శకాలు అంటున్నాయి. ఓపెన్ సర్జరీ తర్వాత అయిదేళ్లకొకసారి చూపించుకుంటే సరిపోతుంది. ఈ తేడాను చాలామంది చిన్నదిగా చూస్తారు. అయిదారేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాక స్కాన్‌కు వెళ్లడం మానేసేవారు ఎందరో ఉన్నారు, ప్రమాదం పెరిగేది సరిగ్గా అప్పటినుంచే. స్కాన్ సదుపాయానికి దూరంగా ఉండేవారూ, క్రమంగా వెళ్లలేమని తమ సంగతి తమకు తెలిసినవారూ ఆ మాట సర్జన్‌కు మొహమాటం లేకుండా చెప్పాలి. అది వైద్యపరమైన సమాచారమే.

ఓపెన్ సర్జరీకి కూడా దాని తర్వాతి బాధలున్నాయి. కోసిన చోట హెర్నియా రావచ్చు, పేగులు అతుక్కుని అడ్డుపడవచ్చు, మగవారిలో కటిభాగపు నరాలు దెబ్బతిని వీర్యస్ఖలనంలో ఇబ్బంది రావచ్చు. ఈవార్‌లో కిడ్నీల మీద కాంట్రాస్ట్ మందు భారం ఉంటుంది. కటిలోకి వెళ్లే లోపలి ధమనిని మూయవలసి వస్తే నడిచేటప్పుడు పిరుదుల్లో నొప్పి పట్టుకోవచ్చు.

అన్నిటికంటే ముందు చూడవలసిన కొలత

ఈ జబ్బుతో సర్జన్ దగ్గరికి వెళ్లినవారు ఉబ్బు వ్యాసాన్ని కంఠతా పట్టేస్తారు. రెండు పద్ధతుల మధ్య ఎంపికను తేల్చేది మాత్రం ఉబ్బు మెడ. కిందనున్న కిడ్నీ ధమని అడుగు అంచు నుంచి ఉబ్బు మొదలయ్యే చోటు వరకు ఉన్న మామూలు నాళాన్ని మెడ అంటారు. సీటీ యాంజియోగ్రామ్‌ను ఒక మిల్లీమీటరు మందం ముక్కలుగా తీసి, కంప్యూటర్ తెర మీద నాళం నడిమధ్యగా గీత గీసి, వంకరగా ఉన్న దాన్ని నిటారుగా సాపు చేసి చూస్తారు. అప్పుడు నాలుగు విషయాలు కొలుస్తారు: మెడ పొడవు, వెడల్పు, వంపు, గోడ లోపలి స్థితి. పొడవు 15 మిల్లీమీటర్లు ఉంటే మామూలు గ్రాఫ్ట్‌కు సౌకర్యం, కొన్ని పరికరాలకు 10 చాలు. వెడల్పు 30 మిల్లీమీటర్లు దాటుతుంటే పట్టు దొరకడం కష్టమవుతుంది. వంపు 60 డిగ్రీలు మించితే గ్రాఫ్ట్ ఒక పక్కకు ఒరుగుతుంది. గోడకు గడ్డకట్టిన రక్తమో సున్నమో పట్టి ఉన్నా, మెడ కింది వైపు గరాటులా వెడల్పవుతున్నా పట్టు నమ్మదగినది కాదు.

ఈ కొలతలు తయారీదారు చెప్పిన హద్దుల్లో ఉన్నాయా అన్నది తప్పకుండా అడగవలసిన ప్రశ్న. హద్దులు దాటినా గ్రాఫ్ట్ వేయడం సాధ్యమే. ఆ రోజు ఆపరేషన్ గదిలో అంతా బాగానే కనిపిస్తుంది కూడా. బలహీనమైన మెడ గ్రాఫ్ట్ నెట్టుడుకు ఏళ్ల తరబడి సాగుతూ వచ్చి, ఒకనాడు పై అంచు దగ్గర దారి ఇస్తుంది. చిన్న కోతతో పోతుందన్న ఆశతో హద్దు దాటిన మెడకు మామూలు గ్రాఫ్ట్ వేయించుకోవడాన్ని నేను గట్టిగా వద్దంటాను. మెడ పొట్టిగా ఉన్నవారికి ఓపెన్ సర్జరీ ఒక దారి. కిడ్నీ ధమనులకు ఎదురుగా కిటికీలు ఉంచి, ఒక్కొక్క రోగి కొలతలకు తగ్గట్టు తయారుచేసే గ్రాఫ్ట్ ఇంకో దారి. ఈ రెండోదాన్ని తయారుచేయించడానికి వారాలు పడుతుంది, అమర్చడానికి ప్రత్యేకమైన అనుభవం కావాలి, అన్నిచోట్లా దొరకదు. గజ్జ నుంచి పైకి వెళ్లే నాళాలు కూడా సరిపోవాలి. అవి మరీ సన్నగానో, మెలికలు తిరిగో, సున్నం పట్టి రాయిలానో ఉంటే పరికరం పైకి ఎక్కదు. ఆడవారిలో ఈ నాళాలు సన్నగా ఉండటం వల్ల ఈవార్‌కు అనువు కానివారి పాలు ఎక్కువ.

ఎవరికి ఏది?

అరవై రెండేళ్ల మనిషిని ఊహించుకుందాం. గుండె బాగుంది, రోజూ నాలుగు కిలోమీటర్లు నడుస్తారు, తల్లిదండ్రులు తొంభై దాటి బతికారు, ఉబ్బు 5.7 సెంటీమీటర్లు, మెడ పొడవు 11 మిల్లీమీటర్లు. ఈయనకు ముందున్న కాలం ఇరవై ఏళ్లు కావచ్చు. ఎనిమిదేళ్ల తర్వాత ఏమవుతుందన్నది ఈయనకు నిజమైన ప్రశ్న, మొదటి నెలలోని అదనపు ప్రమాదాన్ని ఈయన శరీరం తట్టుకుంటుంది. నేనైతే ఈయనను ఓపెన్ సర్జరీ వైపు నడిపిస్తాను. డెబ్బై ఎనిమిదేళ్ల మరో మనిషికి ఇదివరకే బైపాస్ అయింది, ఊపిరితిత్తులు అంతంతమాత్రం, ఉబ్బు 6 సెంటీమీటర్లు, మెడ 22 మిల్లీమీటర్లు, తిన్నగా ఉంది. ఈయనకు ఈవార్ అన్ని విధాలా తగినది. కొన్నిసార్లు గజ్జ దగ్గర మాత్రమే మత్తు ఇచ్చి చేయవచ్చు కూడా. ఈ ఇద్దరి మధ్య ఉండేవారి విషయంలో నిపుణులే ఏకాభిప్రాయంతో లేరు. యూరప్ వాస్కులర్ సర్జన్ల సంఘం 2019లో, మెడ అనువుగా ఉండి ఆయుష్షు సబబుగా ఉన్న ఎక్కువ మందికి ఈవార్‌నూ, దీర్ఘాయుష్షు ఆశించదగినవారికి ఓపెన్ సర్జరీనీ ముందుగా ఆలోచించమంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2020లో, చిట్లని ఉబ్బుకు అడ్డంకులు లేనంతవరకు ఓపెన్ సర్జరీనే ఇవ్వమంది. ఒకే ఆధారాలను చూసి ఇద్దరు నిజాయితీగా వేర్వేరుగా చెప్పగలిగినప్పుడు, ఆ మధ్య భాగంలో రోగి ఇష్టానికి నిజమైన విలువ ఉందని అర్థం.

మార్ఫాన్ వంటి పుట్టుకతో వచ్చే కణజాల జబ్బులు ఉన్నవారికీ, ఇన్‌ఫెక్షన్ వల్ల ఉబ్బినవారికీ వీలైనంతవరకు ఓపెన్ సర్జరీనే నమ్ముతారు. కడుపులో ఇదివరకే పలుమార్లు ఆపరేషన్లు అయినవారికీ, పేగుకు బయట సంచి ఉన్నవారికీ పొట్ట తెరవడమే పెద్ద ప్రమాదం గనుక ఈవార్ మేలు.

ఓపెన్ సర్జరీకి తట్టుకోలేనివారికి ఈవార్ ఉందిగా అన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఈ మాటను జాగ్రత్తగా తూచాలి. సరిగ్గా అలాంటివారితోనే ఈవార్-2 అధ్యయనం చేశారు. ఉబ్బు వల్ల వచ్చే మరణాలు తగ్గాయి గానీ మొత్తం ఆయుష్షు పెరగలేదు, ఎందుకంటే వారిని గుండె, ఊపిరితిత్తుల జబ్బులు ముందే తీసుకుపోయాయి. మంచం దిగలేని స్థితిలో, మరో రెండేళ్లు కష్టమన్న మనిషికి ఏ మరమ్మతూ వద్దనడం నిర్లక్ష్యం కాదు. ఆ మాట చెప్పడానికి డాక్టరుకు ధైర్యం కావాలి, వినడానికి ఇంటివారికి ఇంకా ఎక్కువ ధైర్యం కావాలి. గుండె, ఊపిరితిత్తుల పరిస్థితిని ముందు మెరుగుపరిచి, అప్పుడు మళ్లీ ఆలోచించడం అన్న మధ్యమార్గం కూడా ఒకటుంది.

చిట్లిన తర్వాత సంగతి వేరు. 613 మందితో జరిగిన ఇంప్రూవ్ అధ్యయనంలో, వీలైతే ఈవార్ చేద్దామన్న వైపు 30 రోజుల మరణాలు నూటికి 35.4, ఓపెన్ సర్జరీ వైపు 37.4. అంటే నెల రోజులకు పెద్ద తేడా లేదు. మూడేళ్లకు మాత్రం ఈవార్ వైపు మరణాలు 48, ఓపెన్ వైపు 56. పూర్తి మత్తు లేకుండా, గజ్జ దగ్గర మాత్రమే మొద్దుబార్చి చేసినవారు మెరుగ్గా బయటపడ్డారు. ఆ సమయంలో ఎంపిక చేసుకునే తీరిక కుటుంబానికి ఉండదు. రెండూ చేయగల ఆసుపత్రి ఏదో ముందే తెలిసి ఉండటం ఒక్కటే వారు చేయగలిగినది.

బృహద్ధమనికి కాక, దాని కొమ్మలకు ఉబ్బు వచ్చినప్పుడు పోలిక మారుతుంది. ప్లీహానికి వెళ్లే ధమనికి ఉబ్బు వస్తే 3 సెంటీమీటర్లు దాటాక చికిత్స చేస్తారు. పిల్లలను కనే వయసున్న స్త్రీలలో మాత్రం ఎంత చిన్నదైనా వదలరు, గర్భంతో ఉండగా అది చిట్లితే తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. అక్కడ సన్నని లోహపు చుట్టలతో నాళాన్ని మూసేయడమో, చిన్న స్టెంట్ గ్రాఫ్ట్ వేయడమో మొదటి ఎంపిక అవుతుంది.

సర్జన్‌ను అడగవలసినవి

కాగితం మీద రాసుకుని వెళ్లవలసిన ప్రశ్నలు కొన్నే. నా మెడ కొలతలు ఎంత, అవి పరికరం హద్దుల్లో ఉన్నాయా? మీ ఆసుపత్రిలో ఏడాదికి ఈవార్‌లు ఎన్ని, ఓపెన్‌లు ఎన్ని, వాటి ఫలితాలేమిటి? ఏడాదికి కనీసం పదైనా ఓపెన్ ఆపరేషన్లు చేస్తూ, మరణాలు నూటికి 5 దాటని చోటే ఓపెన్ సర్జరీ చేయించుకోవాలని అమెరికా సంఘం అంటుంది. ఈవార్‌కు కూడా ఏడాదికి పది, మరణాలు, మధ్యలో పొట్ట తెరవవలసిన సందర్భాలు కలిపి నూటికి 2 లోపు. ఈవార్ పెరిగేకొద్దీ ఓపెన్ సర్జరీ చేసే చేతులు తగ్గుతున్నాయి కాబట్టి ఇది మర్యాద తప్పిన ప్రశ్న కాదు. ఒకే పద్ధతి చేసే సర్జన్ అదే పద్ధతిని సూచించినప్పుడు, రెండూ చేసే మరొకరి అభిప్రాయం తీసుకోండి. 5.6 సెంటీమీటర్ల ఉబ్బు, నొప్పి లేకుండా ఉన్నది, ఆ రెండో అభిప్రాయం కోసం కొన్ని వారాలు ఆగగలదు.

ఈవార్ ఎంచుకున్నవారు గ్రాఫ్ట్ పేరు, కొలతలు, అమర్చిన తేదీ ఉన్న కార్డును పర్సులో ఉంచుకోవాలి. నడుమునొప్పితో అర్ధరాత్రి ఏ ఆసుపత్రికి వెళ్లినా డాక్టరు ముందుగా చూడవలసిన కాగితం అదే. ఏ పద్ధతి ఎంచుకున్నా ఇంకో పని మిగిలి ఉంటుంది: యాభై దాటిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వారికి ఒక్కసారి పొట్ట అల్ట్రాసౌండ్ చేయించడం. పది నిమిషాల్లో అయిపోయే పరీక్ష అది.